కప్పకు అయిదు గుండెలెందుకు?

సింగపూర్ ద్వీపానికి వాయవ్య తీరాన సుంగై బూలో అనే చిత్తడి నేల ఉంది. ఒకప్పుడు రొయ్యల చెరువులుగా వాడిన ఆ ప్రదేశం 1993లో ప్రకృతి ఉద్యానంగా, 2002లో రక్షిత ప్రాంతంగా మారింది. పోటు సమయంలో ఉప్పునీరు ముంచెత్తి, పాటు సమయంలో బురద తేలే ఆ మడ అడవిలో ఒక విచిత్రమైన కప్ప నివసిస్తుంది. ఎండ్రకాయలను కూడా తింటుంది కనుక దానికి ‘పీతలను తినే కప్ప’ అని పేరు. శాస్త్రీయ నామం ఫెజెర్వార్యా క్యాంక్రివోరా. కప్ప చర్మం నీటిని అడ్డుకోలేదు. సాధారణమైన కప్పను సముద్రపు నీటిలో వదిలితే దాని ఒంట్లోని నీరు బయటికి పోయి కొద్ది సేపటిలోనే చనిపోతుంది. ఈ కప్ప మాత్రం ఉప్పు కలిసిన నీటిలో నిశ్చింతగా బతుకుతుంది.

ఇది ఎలా సాధ్యమో తరువాత చూద్దాం. నిజానికి ఇంతకంటె పెద్ద వింత మంచినీటి కప్పలతో సహా అన్ని కప్పలలోనూ ఉంది. కప్ప నెత్తురు నాళాలలో నిలవదు. దాని ద్రవభాగమైన ప్లాస్మా ఎడతెరిపి లేకుండా సన్నని నాళికల గోడల గుండా బయటికి ఊరుతూనే ఉంటుంది. ఒంట్లో ఉన్న మొత్తం ప్లాస్మాకు సమానమైన ద్రవం కొద్ది గంటలలోనే అలా బయటపడుతుంది. దానిని మళ్ళీ నెత్తురులో కలపడానికి కప్పకు అసలు గుండె కాక మరో నాలుగు గుండెలున్నాయి. ఆ నాలుగు ఆగిపోతే, అసలు గుండె ఎంత బాగా కొట్టుకున్నా కప్ప బతకదు. ఈ రాకపోకలను అర్థం చేసుకునే ప్రయత్నంలోనే వైద్యులు మనిషి శరీరం గురించి దాదాపు వందేళ్ళు నమ్మిన ఒక పాఠాన్ని దిద్దుకోవలసి వచ్చింది. డెంగీ జ్వరంతో ఆసుపత్రిలో ఉన్న రోగికి ఎంత సెలైన్ ఎక్కించాలి, ఎప్పుడు ఆపాలి అన్న ప్రశ్నకు జవాబు కూడా అక్కడే మొదలవుతుంది.

చర్మం కింది చెరువులు

ఇంటర్మీడియట్‌లో జీవశాస్త్రం చదివి కప్పను కోసినవారికి ఒక విషయం గుర్తుండే ఉంటుంది. కత్తెరతో చర్మానికి చిన్న గాటు పెడితే చాలు, అది చొక్కా విప్పినంత సులువుగా కండరాల నుంచి విడివడుతుంది. కోడి చర్మమో మేక చర్మమో అంత తేలికగా ఊడిరాదు. కప్ప చర్మం ఒంటికి అంతటా అతుక్కుని ఉండదు. పలుచని అడ్డుతెరల వెంట మాత్రమే అతుక్కుని ఉంటుంది. ఆ తెరల నడుమ ఉన్న విశాలమైన ఖాళీలే శోషరస కోశాలు. నాళికల నుంచి ఊరిన ద్రవం, అంటే శోషరసం, పొలం గట్ల నడుమ మళ్ళలో నీరు నిలిచినట్లు వాటిలో చేరుతుంది.

ఆ ద్రవాన్ని తోడి సిరలలో పోసేవి శోషరస హృదయాలు. భుజపు ఎముకల కింద ఒక జత, వెన్నెముక చివరి భాగానికి రెండు పక్కల మరొక జత ఉంటాయి. జర్మన్ శరీరధర్మ శాస్త్రవేత్త యోహానెస్ మ్యూలర్ వీటి గురించి రాసిన వ్యాసం 1833లో లండన్ రాయల్ సొసైటీ పత్రికలో వెలువడింది. క్రమబద్ధంగా స్పందించే నాలుగు హృదయాలు కొన్ని ఉభయచరాలలో శోషరస వ్యవస్థకు అనుబంధంగా ఉన్నాయన్నదే దాని సారాంశం. ఈ గుండెలకు లోపలికి వచ్చే దారిలోనూ బయటికి పోయే దారిలోనూ కవాటాలుంటాయి. వీటి లయకూ అసలు గుండె లయకూ పొంతన ఉండదు. అసలు గుండెను ఒంట్లో నుంచి తీసి పళ్ళెంలో పెట్టినా కొంతసేపు తనంతట తానే కొట్టుకుంటుంది. శోషరస హృదయాల లయ మాత్రం వెన్నుపాము నుంచి వచ్చే నరాల అదుపులో ఉంటుంది. ఆ నరాలు తెగితే స్పందన ఆగిపోతుంది.

ఇవి లేకపోతే ఏమవుతుందో 1943లో స్వెమర్, ఫోలియా అనే ఇద్దరు పరిశోధకులు గోదురుకప్పలలో పరీక్షించి చూశారు. శోషరస హృదయాలను నాశనం చేసినప్పుడు వాటి ప్లాస్మా పరిమాణం ప్రాణాంతకమైన స్థాయికి పడిపోయింది. గాయం లేదు, రక్తస్రావం లేదు, ఎర్రకణాలన్నీ నాళాలలోనే ఉన్నాయి. వాటిని మోసే ద్రవం మాత్రం నాళాల వెలుపల చిక్కుకుపోయింది. నెత్తురు చిక్కబడి, ప్రవాహం మందగించి, ఒంట్లో నీరు పుష్కలంగా ఉండగానే ఆ జీవి నెత్తురు చాలక చనిపోతుంది. చివర డెంగీ గురించి మాట్లాడుకునేటప్పుడు ఈ దృశ్యాన్ని గుర్తు తెచ్చుకోవాలి.

గోడ దగ్గరి తూకం

ద్రవం అసలు ఎందుకు ఊరుతుంది? ఊరినదంతా ఎందుకు తిరిగి రాదు? ఈ ప్రశ్నలకు మొదటి గట్టి సమాధానం 1896లో ఆంగ్ల శాస్త్రవేత్త ఎర్నెస్ట్ స్టార్లింగ్ ఇచ్చాడు. రక్తకేశనాళిక గోడ మట్టికుండ వంటిది. నీరు, లవణాలు, చిన్న అణువులు దాని గుండా సులభంగా పోతాయి. ఆల్బుమిన్ వంటి పెద్ద ప్రోటీన్లు అంత తేలికగా పోలేవు. లోపలి నెత్తురు పీడనం ద్రవాన్ని బయటికి నెడుతుంది. లోపల మిగిలిన ప్రోటీన్లు నీటిని తమవైపు లాగుతాయి; దీనినే కొల్లాయిడ్ ద్రవాభిసరణ పీడనం అంటారు. గోడకు అవతల ఉన్న ద్రవానికి కూడా ఇలాగే పీడనం, ప్రోటీన్లు ఉంటాయి. ఈ నాలుగు శక్తుల తూకాన్ని బట్టి ద్రవం ఎటు కదలాలో నిర్ణయమవుతుంది.

ఈ తూకాన్ని అంకెలలో చూపడానికి ఉపయోగపడిన జంతువు కూడా కప్పే. కప్ప పేగులను పట్టి ఉంచే పొర అద్దంలా పలుచగా ఉంటుంది కాబట్టి సూక్ష్మదర్శిని కింద ఒక్కొక్క నాళికనూ, అందులో కదిలే ఒక్కొక్క ఎర్రకణాన్నీ చూడవచ్చు. 1926లో అమెరికాకు చెందిన యూజీన్ లాండిస్ అతి సన్నని గాజుసూదిని ఆ నాళికలలోకి గుచ్చి పీడనాన్ని కొలిచాడు. ధమనివైపు కొసన సుమారు 14 సెంటీమీటర్ల నీటిమట్టానికి, సిరవైపు కొసన సుమారు 10 సెంటీమీటర్ల నీటిమట్టానికి సరిపడే పీడనం ఉన్నట్లు తేలింది. ప్రోటీన్ల లాగుడు ఈ రెండింటికీ నడుమ, 11 సెంటీమీటర్లకు కాస్త ఎక్కువగా ఉంది.

ఈ అంకెల నుంచి ఒక అందమైన చిత్రం తయారైంది. నాళిక మొదటి సగంలో పీడనం ఎక్కువ కనుక ద్రవం బయటికి పోతుంది. చివరి సగంలో ప్రోటీన్ల లాగుడు ఎక్కువ కనుక తిరిగి లోపలికి వస్తుంది. మిగిలిన కొద్దిపాటి ద్రవాన్ని శోషరస నాళాలు చేరవేస్తాయి. మనిషిలో రోజుకు 20 లీటర్లు బయటికి పోతే 16 నుంచి 18 లీటర్లు నాళికలే తిరిగి పీల్చుకుంటాయనీ, 2 నుంచి 4 లీటర్లు శోషరసంగా మారతాయనీ వైద్య పాఠ్యగ్రంథాలు తరతరాలుగా చెబుతూ వచ్చాయి. వైద్య విద్యార్థులు అదే బొమ్మ గీసి మార్కులు తెచ్చుకున్నారు.

చెదిరిన బొమ్మ

ఆ బొమ్మ నిజమైతే కప్పకు నాలుగు అదనపు గుండెలు ఎందుకన్న ప్రశ్న మిగిలిపోతుంది. నాళిక చివరి సగం తానే అంత ద్రవాన్ని వెనక్కు తీసుకోగలిగితే శోషరస హృదయాలు ఆగినంత మాత్రాన ప్రాణం పోకూడదు.

సమాధానం మళ్ళీ కప్ప పేగుపొర నుంచే వచ్చింది. 1987లో చార్లెస్ మిషెల్, ఫిలిప్స్ లండన్‌లో ఒక ప్రయోగం ప్రచురించారు. ఒకే నాళికలో పీడనాన్ని తమ అదుపులో ఉంచుకుని, ప్రోటీన్ల లాగుడు కంటె కిందికి దించారు. స్టార్లింగ్ సూత్రం ప్రకారం ద్రవం లోపలికి రావాలి. వచ్చింది కూడా. అయితే కొన్ని నిమిషాలలోనే ఆ రాక ఆగిపోయింది. పీడనం తక్కువగానే ఉన్నా నాళిక ద్రవాన్ని పీల్చడం మానేసింది.

కారణం సరళమైనది. ద్రవం లోపలికి వచ్చేటప్పుడు నీరు, లవణాలు వస్తాయి గాని, గోడకు అవతల ఉన్న ప్రోటీన్లు అక్కడే ఉండిపోతాయి. పాలు మరిగి నీరు ఇంకినకొద్దీ చిక్కబడినట్లు అవతలి ద్రవంలో ప్రోటీన్ల సాంద్రత పెరుగుతుంది. అప్పుడు అవి కూడా నీటిని తమవైపు లాగడం మొదలుపెడతాయి. లోపలి లాగుడుకు బయటి లాగుడు పోటీ వచ్చి, పీల్చుకోవడం తనను తానే ఆపుకుంటుంది. ఈ తూకం నిజానికి జరిగే చోటు నాళిక లోపలి ఉపరితలాన్ని కప్పి ఉండే గ్లైకోకేలిక్స్ అనే పల్చని చక్కెర-ప్రోటీన్ల పొర. ఆ పొరకు సరిగ్గా వెనుక ఉన్న ఇరుకు సందులలో ప్రోటీన్లు ఎంత ఉన్నాయన్నదే లెక్కలోకి వస్తుంది. 2010లో లెవిక్, మిషెల్ ఈ ఫలితాలన్నిటినీ క్రోడీకరించి సవరించిన స్టార్లింగ్ సూత్రాన్ని ప్రతిపాదించారు. దాని ప్రకారం చాలా అవయవాలలో నాళిక మొదటి నుంచి చివరి వరకు ద్రవాన్ని కొద్దికొద్దిగా బయటికి వదులుతూనే ఉంటుంది. నిలకడగా వెనక్కు పీల్చుకోదు. పేగు, మూత్రపిండం, శోషరస కణుపులు దీనికి మినహాయింపులు. పేగులోనూ మూత్రపిండంలోనూ పక్కనున్న కణాలు ప్రోటీన్ లేని తాజా ద్రవాన్ని ఎప్పటికప్పుడు నాళిక చుట్టూ పోస్తూ, పేరుకున్న ప్రోటీన్లను కడిగివేస్తుంటాయి.

మిగిలిన చోట్ల బయటపడిన ద్రవానికి ఇంటిదారి శోషరసమే. మనిషిలో సుమారు 3 లీటర్ల ప్లాస్మా ఉంటే, రోజుకు సుమారు 8 లీటర్ల ద్రవం శోషరసంగా మారుతుందని అంచనా. అంటే మన ప్లాస్మా కూడా రోజుకు రెండు మూడుసార్లు నాళాలు దాటి వెళ్ళి తిరిగి వస్తోంది. కప్పలో అదే ప్రయాణం ఎన్నో రెట్లు వేగంగా సాగుతుంది. మనలో చూడటానికి కష్టమైనదాన్ని కప్ప భూతద్దంలో చూపింది.

ఇంత కారడం దేనికి?

కప్ప నాళికల గోడలు మన నాళికల కంటె సడలు. ప్రోటీన్లు కూడా వాటి గుండా ఎక్కువగానే జారిపోతాయి. ప్లాస్మాలో ప్రోటీన్ల మోతాదు కూడా తక్కువ. పైగా చర్మం కింది కోశాలు వదులుగా సాగే సంచులు. ఎంత ద్రవం చేరినా వాటిలో పీడనం పెద్దగా పెరగదు. మన కాలి కండరాలలో వాపు వస్తే బిగుసుకున్న కణజాలమే మరింత ఊటను కొంత అడ్డుకుంటుంది. కప్పకు ఆ అడ్డు లేదు.

పైకి లోపంలా కనిపించే ఈ ఏర్పాటులో ఒక లాభముంది. కోశాలలోని శోషరసం కప్పకు అత్యవసర నిల్వ. పొడినేల మీద తిరిగే గోదురుకప్ప తన బరువులో పావువంతుకు పైగా నీటిని కోల్పోయినా తట్టుకోగలదు. మనిషి అందులో సగం కోల్పోయినా ప్రాణాపాయంలో పడతాడు. నెత్తురు తగ్గినప్పుడు కప్ప దానిని నాళికల ద్వారా పీల్చుకోదు. శోషరస హృదయాల ద్వారా తోడుకుంటుంది. గాయపడి నెత్తురు పోయిన గోదురుకప్పలు కోలుకోవడానికి ఈ శోషరస మార్గాలే ఆధారమని ప్రయోగాలు చూపాయి.

ఇందులో ఒక చిక్కు లేకపోలేదు. శోషరసం బరువుకు పొట్టవైపు చేరుతుంది. తోడే గుండెలేమో వీపువైపు ఉన్నాయి. బావిలో నీరు కింద, మోటారు పైన. మరి నీటిని మోటారు దాకా ఎక్కించేదెవరు? ఫిలిప్ విదర్స్, స్టాన్లీ హిల్‌మన్, మైకేల్ హెడ్రిక్, రాబర్ట్ డ్రూస్ బృందం 2007లో వెలువరించిన పరిశోధనలలో దీనికి జవాబు దొరికింది. ఊపిరితిత్తులు ఉబ్బి తగ్గినప్పుడల్లా కోశాలలో పీడనం మారి శోషరసం పైకి చేరుతుంది. చర్మానికీ కోశాల తెరలకూ అతుక్కున్న కొన్ని ప్రత్యేక కండరాలు దానికి తోడ్పడతాయి. కప్పకు ఊపిరి గాలి కోసమే కాదు, నెత్తురును నిలుపుకోవడానికి కూడా.

క్షీరదాలు శోషరస హృదయాలను వదులుకున్నాయి. వాటి పనిని మనలో శోషరస నాళాల గోడలలోని కండరాలు చేస్తాయి. కవాటానికీ కవాటానికీ నడుమనున్న ప్రతి చిన్న ఖండమూ క్రమంగా ముడుచుకుంటూ ద్రవాన్ని ముందుకు నెడుతుంది. నడక, శ్వాస దానికి సాయపడతాయి. చివరికి ఆ ద్రవంలో అధికభాగం మెడ కింద ఎడమవైపు పెద్ద సిరలో కలుస్తుంది. కప్ప నాలుగు చోట్ల కేంద్రీకరించిన పనిని మన శరీరం వేలాది చిన్న పంపులకు పంచింది.

రెండు సరిహద్దులు

ఇప్పుడు మడ అడవిలోని పీతలను తినే కప్ప దగ్గరికి వద్దాం. 1961లో మాల్కమ్ గోర్డన్, క్నుట్ ష్మిట్-నీల్సెన్, హామిల్టన్ కెలీ థాయిలాండ్‌లో ఈ జాతిపై చేసిన పరిశోధన ప్రచురించారు. పెద్ద కప్పలు సముద్రజలంలో ఐదింట నాలుగు వంతుల ఉప్పదనం ఉన్న నీటిని కూడా తట్టుకోగలవని వారు గమనించారు. అందుకు అవి పన్నే ఉపాయం సొరచేపలను పోలినది. మూత్రంలో పోవలసిన యూరియాను అవి పెద్ద మోతాదులో ఒంట్లోనే నిలుపుకుంటాయి. దానితో లోపలి ద్రవాల సాంద్రత బయటి ఉప్పునీటిని మించుతుంది. నీరు బయటికి పోయే బదులు చర్మం గుండా లోపలికి వస్తుంది.

అయితే ఈ యూరియా నెత్తురును నాళాలలో నిలపడానికి పనికిరాదు. అది చాలా చిన్న అణువు. నాళిక గోడను అడ్డూ ఆపూ లేకుండా దాటుతుంది కనుక నెత్తురులోనూ శోషరసంలోనూ దాదాపు సమానంగా ఉంటుంది. రెండు వైపులా సమానంగా ఉన్నది ఎటువైపూ లాగలేదు. కప్ప ఒంట్లో రెండు సరిహద్దులున్నాయన్నమాట. చర్మం దగ్గర యూరియా కాపలా కాస్తుంది. నాళిక గోడ దగ్గర ప్రోటీన్లు, గ్లైకోకేలిక్స్ మాత్రమే కాపలా కాయగలవు. ఒంట్లో నీరుండటం వేరు, ఆ నీరు నెత్తురులో ఉండటం వేరు. ఆసుపత్రిలో ఎక్కించే సెలైన్ కూడా ఇదే నియమానికి లోబడుతుంది. ఉప్పు అణువులు నాళిక గోడను దాటగలవు కనుక, నరంలోకి ఎక్కించిన సెలైన్‌లో ఎక్కువ భాగం కొద్ది గంటలలో నాళాలు వదిలి కణజాలంలోకి చేరుతుంది.

డెంగీ వార్డులో కప్ప పాఠం

ఈ తేడా సింగపూర్‌లో ప్రాణాలతో ముడిపడిన విషయం. 1960ల నుంచి ఆ ద్వీపం డెంగీ రక్తస్రావ జ్వరాన్ని ఎదుర్కొంటూనే ఉంది. ఒక్క 2020లోనే 35 వేలకు పైగా డెంగీ కేసులు నమోదయ్యాయి. డెంగీ అనగానే తెలుగు కుటుంబాలలో మొదట వినిపించే మాట ప్లేట్‌లెట్లు. హైదరాబాదు నుంచి ఫోన్ చేసిన పెద్దలు అడిగేదీ వాటి సంఖ్యే. బొప్పాయి ఆకు రసం తాగించమని చెప్పేదీ అందుకే. కాని 2017లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో, సింగపూర్, మలేసియా ఆసుపత్రులలోని 372 మంది పెద్దవారిలో దాదాపు సగం మందికి, ప్లేట్‌లెట్లు తగ్గాయన్న కారణంతో ముందుజాగ్రత్తగా వాటిని ఎక్కించి చూసినప్పుడు రక్తస్రావం తగ్గలేదు. దుష్ఫలితాలు మాత్రం ఎక్కువగా కనిపించాయి.

తీవ్రమైన డెంగీలో ప్రాణం తీసేది ఎక్కువగా నెత్తురు కారడం కాదు, ప్లాస్మా కారడం. వైరస్ విడుదల చేసే ఎన్‌ఎస్1 అనే ప్రోటీన్, అంటే పరీక్ష నివేదికలలో కనిపించే ఆ ఎన్‌ఎస్1, నాళిక గోడను సడలించి గ్లైకోకేలిక్స్‌ను దెబ్బతీయగలదని 2015-16లలో వెలువడిన ప్రయోగాలు చూపాయి. కాపలా పొర దెబ్బతిన్నాక మనిషి నాళికలు కొద్ది రోజులపాటు కప్ప నాళికలలా ప్రవర్తిస్తాయి. మనకు మాత్రం చర్మం కింద కోశాలు లేవు, నాలుగు అదనపు గుండెలూ లేవు. ఊరిన ద్రవం ఛాతీలో, పొట్టలో చేరుతుంది. నెత్తురు చిక్కబడి హెమటోక్రిట్ పెరుగుతుంది. ఇది 1943 నాటి గోదురుకప్పల స్థితే.

ఇది సాధారణంగా మూడో రోజుకూ ఏడో రోజుకూ నడుమ, జ్వరం తగ్గుతున్న సమయంలో మొదలై 24 నుంచి 48 గంటలు సాగుతుంది. జ్వరం దిగిందని ఇంట్లోవారు ఊపిరి పీల్చుకునే వేళే అది. కడుపునొప్పి, ఆగని వాంతులు, మత్తు, విపరీతమైన నీరసం, మూత్రం తగ్గడం ఆ సమయంలో ప్రమాద సూచనలు. అప్పుడు చూడవలసిన అంకె హెమటోక్రిట్. అది రోగి మామూలు స్థాయి మీద 20 శాతం పెరిగితే ప్లాస్మా గణనీయంగా కారుతున్నట్లు లెక్క. ఆ దశలో సెలైన్ ప్రాణం నిలుపుతుంది. వియత్నాంలో డెంగీ షాక్‌కు గురైన 383 మంది పిల్లలపై జరిపి 2005లో ప్రచురించిన అధ్యయనంలో, ఒక మోస్తరు షాక్ ఉన్నవారికి ఖరీదైన కొల్లాయిడ్ ద్రావణాలతో సమానంగా రింగర్ లాక్టేట్ కూడా పనిచేసింది. అయితే ఎక్కించిన ప్రతి సీసాలో అధికభాగం బయటికే ఊరుతుందని గుర్తుంచుకోవాలి. అందుకే వైద్యులు నెత్తురు ప్రవాహం నిలిచేందుకు అవసరమైనంతే ఇచ్చి, గంటగంటకూ కొలుస్తారు.

కప్ప నేర్పిన పాఠం మరీ అవసరమయ్యేది దాని తరువాతి దశలో. గోడ బాగుపడ్డాక, బయట చేరిన లీటర్ల కొద్దీ ద్రవం తరువాతి 48 నుంచి 72 గంటలలో నెత్తురులోకి తిరిగి వస్తుంది. నాళికలు దానిని ఒక్కసారిగా పీల్చుకోవు; ప్రధానంగా శోషరస మార్గాన, నిదానంగా, ఆగకుండా వస్తుంది. ఆ ద్రవమంతా దారిలో ఉండగానే సెలైన్ కొనసాగిస్తే ఊపిరితిత్తులలో నీరు చేరి రోగి ఊపిరాడక ఇబ్బంది పడతాడు. నిన్న ప్రాణం నిలిపిన సీసా ఈరోజు ప్రాణం మీదికి తెస్తుంది. ఆకలి పుట్టి, నాడి స్థిరపడి, మూత్రం ధారాళంగా వస్తున్న రోగికి వైద్యుడు సెలైన్ తీసివేస్తే, “ఇంకా నీరసంగానే ఉన్నాడు, మరొక సీసా పెట్టండి” అని బంధువులు అడగడం సహజం. రోగికి కావలసిన ద్రవం అప్పటికే అతని ఒంట్లో ఉంది. దానిని నెత్తురులోకి చేర్చే పనిలో శోషరస నాళాలు ఉన్నాయి. వాటికి కావలసింది రెండు మూడు రోజుల వ్యవధి.